ఆకులోని బూజులో మలేరియా మందు?

* మొక్కల లోపల దాగిన శిలీంధ్రాలపై శాస్త్రవేత్తల అన్వేషణ
* పాత మందులకు లొంగకుండా పోతున్న పరాన్నజీవి
* తూర్పు కనుమల అడవులు కాపాడుకోదగిన నిధి

మాడుగుల: తొలకరి పడిందంటే మన్యం ముంగిట చలిజ్వరాల భయం మొదలవుతుంది. చోడవరం మీదుగా పాడేరు వెళ్లే దారిలో, తూర్పు కనుమల పాదాన ఉన్న మాడుగులకు హల్వా ఎంత పేరు తెచ్చిందో, ఆ పైనున్న కొండలకు మలేరియా అంత అపకీర్తి తెచ్చింది. కొండవాగుల్లో మెల్లగా పారే నీటిలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ ఇటువంటి ప్రాంతాల్లో వ్యాధిని మోసుకు తిరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. దోమకు మాత్రం ఆ సరిహద్దు లేదు.

చెట్టు ఇచ్చిన మందులే

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ తొలిసారిగా చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. చికిత్స మాత్రం అంతకు ముందే చెట్టు నుంచి లభించింది. సింకోనా బెరడు నుంచి 1820లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు క్వినైన్‌ను వేరుచేశారు. 1972లో చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క నుంచి ఆర్టిమిసినిన్‌ను రాబట్టింది. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది.

అయితే పరాన్నజీవి కూడా మందులకు అలవాటు పడుతోంది. క్లోరోక్విన్‌కు ఫాల్సిపారం మలేరియా లొంగకపోవడం మనదేశంలో 1973లోనే అస్సాంలో బయటపడింది. ఆ తరువాత దాని స్థానంలో ఆర్టిమిసినిన్ ఆధారిత మిశ్రమ చికిత్స వచ్చింది. ఇప్పుడు కంబోడియాతో పాటు రువాండా, ఉగాండా, టాంజానియా, ఎరిట్రియాలలో ఆ మందు పట్టు కూడా సడలుతున్నట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియా 26.3 కోట్ల మందికి సోకి, 5.97 లక్షల మంది ప్రాణాలను బలిగొంది. కొత్త మందు అవసరం ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఏమిటీ శిలీంధ్రాలు?

పచ్చగా నిగనిగలాడే ఆకు లోపల కూడా కంటికి కనిపించని శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. ఇవి సాధారణంగా మొక్కకు తెగులు కలిగించవు. వీటినే ఎండోఫైట్లు అంటారు. ఇరుకైన ఆ చోటులో ఇతర సూక్ష్మజీవులతో పోటీపడి బతకడానికి ఇవి రకరకాల రసాయనాలను తయారు చేసుకుంటాయి. ఆ రసాయనాల్లో కొన్ని మనిషి రోగాలపైనా పనిచేయవచ్చునన్నదే శాస్త్రవేత్తల ఆశ. బూజు నుంచి పెన్సిలిన్ పుట్టిన సంగతి తెలిసిందే. జావాలోని సింకోనా చెట్లలో నివసించే శిలీంధ్రాలు క్వినైన్ వర్గపు రసాయనాలను స్వయంగా తయారు చేయగలవని జపాన్, ఇండోనేసియా శాస్త్రవేత్తలు గుర్తించడం ఈ ఆశకు బలం చేకూర్చింది.

పరీక్ష జరిగేదిలా

సేకరించిన ఆకును ముందుగా ఆల్కహాలుతో, క్లోరిన్ ద్రావణంతో శుభ్రపరుస్తారు. దీంతో పైపైన అంటుకున్న సూక్ష్మజీవులు నశిస్తాయి. తరువాత చిన్న ముక్కలుగా కోసి పోషక పదార్థం నింపిన గాజు పళ్లెంలో ఉంచుతారు. కొద్దిరోజులకు ముక్క అంచుల నుంచి శిలీంధ్రపు పోగులు బయటికి వస్తాయి. వాటిని విడిగా పెంచి, అవి విడుదల చేసిన రసాయనాలను సేకరిస్తారు. ప్రయోగశాలలో మానవ ఎర్ర రక్తకణాల్లో పెరుగుతున్న పరాన్నజీవిపై వాటిని ప్రయోగిస్తారు. ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు. కాబట్టి డీఎన్ఏకు అంటుకుని మెరిసే రంగును కలిపితే ఆ మెరుపంతా పరాన్నజీవిదే. మెరుపు తగ్గిందంటే రసాయనం పనిచేసినట్లే.

దక్షిణ భారతంలో ఇటువంటి పరిశోధన జరిగింది. చెన్నైలోని వివేకానంద ఉష్ణమండల శిలీంధ్రశాస్త్ర సంస్థకు చెందిన టి.ఎస్. సూర్యనారాయణన్, ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజినీరింగ్, జీవసాంకేతిక కేంద్రానికి చెందిన దినకర్ సహల్ తదితరులు 84 శిలీంధ్రాలను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. వీటిలో 43 అటవీ వృక్షాల నుంచి, 36 సముద్రపు నాచుల నుంచి, 5 సముద్రపు గడ్డి నుంచి సేకరించినవి. నాచులో దొరికిన ఒక ఫ్యుజేరియం రకపు స్రావం మిల్లీలీటరుకు 1.94 మైక్రోగ్రాముల మోతాదులో, చెట్టులో దొరికిన ఒక నైగ్రోస్పోరా రకపు స్రావం 2.88 మైక్రోగ్రాముల మోతాదులో పరాన్నజీవి పెరుగుదలను సగానికి తగ్గించాయి.

దూరం చాలానే ఉంది

గాజు పళ్లెంలో గెలిచినదంతా మందు కాదు. అదే రసాయనం మనిషి కణాలనూ చంపవచ్చు. మొక్కలో ఉన్నప్పుడు రసాయనాన్ని తయారు చేసిన శిలీంధ్రం ప్రయోగశాలలో కొన్ని తరాలకే ఆ పని మానుకోవచ్చు. ఎంతో శ్రమించి వేరుచేసిన పదార్థం ఇదివరకే తెలిసినదని తేలవచ్చు. ఈ కారణాల వల్ల ఎండోఫైట్ల నుంచి పుట్టిన మలేరియా మందు ఏదీ ఇంకా రోగి చేతికి అందలేదు.

అయినా అన్వేషణ ఆగరాదు. చెట్టు నరికితే దానితో పాటు దాని ఆకుల్లోని శిలీంధ్రాలకూ నీడ పోతుంది. వాటిలో ఏమున్నదో తెలియకముందే కోల్పోవడం తిరిగి పూడ్చలేని నష్టం. ఒకవేళ ఏదైనా విలువైనది దొరికితే లాభంలో స్థానికులకు వాటా దక్కేందుకు 2002 నాటి జీవవైవిధ్య చట్టం అవకాశం కల్పించింది. ఆ హక్కు గురించి గిరిజన గ్రామాలకు తెలియాలి.

ఈలోగా ఆకు పసర్లను నమ్ముకుని కాలయాపన చేయడం ప్రాణాంతకం. చలితో జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. వైవాక్స్ మలేరియాకు వైద్యులు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రలను, జ్వరం తగ్గినా సరే, 14 రోజులూ వాడాలి. లేకుంటే కాలేయంలో దాగిన పరాన్నజీవి కొన్ని నెలలకు మళ్లీ తిరగబెడుతుంది. 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలన్నది దేశ లక్ష్యం. కొత్త మందు వచ్చేవరకు ఉన్న మందుల పదును కాపాడుకోవడం అందరి బాధ్యత.