మగవానికి చనుమొన లెందుకు?

తెలుగు రైతు ఒకే జాతి జంతువునకు రెండేసి పేర్లు పెట్టినాడు. ఆవు, ఆబోతు, గొర్రె, పొట్టేలు, పెట్ట, పుంజు. చెట్టును కూడ విడువలేదు. కాయలు కాచునది పెంటితాడు, కాయనిది పోతుతాడు. పేర్లు వేరగుటచే ఆ రెండును మొదటినుండియు వేరనియే మనస్సునకు తోచును. కాని మగవానికి చనుమొనలెందుకని తరగతిలో ఎవరైన అడిగినచో, తరచుగా నవ్వే సమాధానమగుచున్నది. నవ్వి విడువదగిన ప్రశ్న కాదిది.

మానవ పిండమునకు ఆరేడు వారములవరకు ఆడ, మగ అను భేదము రూపములో కనబడదు. క్రోమోసోములలో నిర్ణయము ముందే జరిగియుండును. శరీరమునకు మాత్రము ఆ సంగతి ఇంకను అందలేదు. ప్రతి పిండమునందును బీజకోశములకు మూలమైన రెండు గట్లు, వాటి చెంత వుల్ఫు నాళములు, ముల్లరు నాళములు అను రెండు జతల నాళములు ఏర్పడును. వై క్రోమోసోముపైనున్న ఎస్.ఆర్.వై. అను జన్యువు పనిచేసినచో ఆ గట్లు వృషణములగును, లేనిచో అండాశయములగును. ఈ జన్యువును 1990లో గుర్తించిరి. వృషణములనుండి వెలువడు ఒక హార్మోను ముల్లరు నాళములను కరగించును; మరియొకటి, టెస్టోస్టెరోను, వుల్ఫు నాళములను నిలిపి వీర్యవాహికలుగా మార్చును. ఆడపిండములో ముల్లరు నాళములే గర్భాశయము, అండవాహికలు అగును. కరగినది కూడ పూర్తిగా పోదు. పురుషుని వృషణముపై ముల్లరు నాళపు తునక చిన్న బొడిపెగా మిగిలియుండును. 1947లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జోస్ట్ గర్భములోనున్న కుందేలు పిల్లల బీజకోశములను తొలగించి చూచెను. మగవి కావలసినవి కూడ ఆడ నాళములతోనే పెరిగినవి!

చనుమొనల సంగతి ఇంతకంటె సులభము. వృషణములు పనికి పూనుకొనకముందే, చంకనుండి గజ్జవరకు పిండపు చర్మముపై ఇరువైపుల సన్నని గట్లు లేచును. రొమ్ముమీది భాగము తప్ప తక్కినది మాసిపోవును. కనుక చనుమొనలు ఇరువురికిని వచ్చును. చుంచెలుకలో అట్లు కాదు. అచ్చట మగపిండపు టెస్టోస్టెరోను ఆ మొగ్గను త్రుంచివేయుటచే మగ చుంచుకు చనుమొనలే ఉండవు.

చన్ను అనిన స్త్రీయే స్ఫురించును. రొమ్ము అను మాట ఇరువురికిని చెల్లును. ఈ విషయమున రొమ్ము అను మాటయే సత్యమునకు దగ్గర. పురుషుని చనుమొన వెనుక కూడ కొద్దిపాటి పాలనాళములు గలవు. యౌవనారంభమున చాలమంది మగపిల్లలకు అచ్చట కొంచెము ఉబ్బి నొప్పి పుట్టును. హార్మోనుల మార్పువలన కలుగు ఈ ఉబ్బు సాధారణముగా ఒకటి రెండేండ్లలో తగ్గిపోవును. తోటివారు ఎగతాళి చేయవలసిన పని లేదు. పెద్దవయస్సున వచ్చు గడ్డ అట్టిది కాదు. రొమ్ము క్యాన్సరు రోగులలో నూటికి ఇంచుమించు ఒకరు పురుషులు. అది ఆడవారి జబ్బని తలచి వీరిలో పలువురు ఆలస్యముగా వైద్యుని చేరుచున్నారు. చనుమొన వెనుక నొప్పిలేని గట్టి గడ్డ, మొన లోనికి లాగబడుట, రక్తము కారుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే చూపించుకొనవలెను.