అతిథులు కాని అతిథి అధ్యాపకులు

మన ఇళ్లలో అతిథి అంటే ఆదరించి అన్నం పెట్టవలసిన మనిషి. విశ్వవిద్యాలయాల్లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ అతిథి అధ్యాపకుడంటే గంటల లెక్కన పాఠం చెప్పి, ఆ గంటలకు మాత్రమే డబ్బు అందుకునేవాడు. పదేళ్లుగా అదే తరగతికి వస్తున్నా ఆయన అతిథే.

ఈ పద్ధతి మొదట చెడ్డదేమీ కాదు. ఒక న్యాయవాదితోనో ఇంజినీరుతోనో కొన్ని పాఠాలు చెప్పించడానికి, సెలవులో ఉన్నవారి లోటు తీర్చడానికి పనికివచ్చింది. తర్వాత పదవీ విరమణలు పెరిగాయి, కొత్త నియామకాలు ఆగాయి, ఖాళీలన్నీ అతిథులతో నింపారు. తెలంగాణలో ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లుకు ఆమోదముద్ర పడలేదు.

కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించరాదని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. అతిథి అధ్యాపకులకు పాఠానికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు ఇవ్వాలని 2019లో నిర్ణయించారు. శాశ్వత సహాయ ఆచార్యుని తొలి మూలవేతనమే 57,700 రూపాయలు. చాలాచోట్ల ఆ 1,500 కూడా అందడం లేదు. వేసవిలో పాఠాలుండవు గనుక డబ్బూ ఉండదు. సెలవుల తర్వాత మళ్లీ పిలుస్తారన్న హామీ లేదు.

నష్టం ఆ కుటుంబాలతో ఆగదు. పీహెచ్‌డీ పర్యవేక్షణకు శాశ్వత అధ్యాపకులే అర్హులు గనుక, వారు తగ్గితే పరిశోధన సీట్లూ తగ్గుతాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే మన సంఘాల పిల్లలకు దారి చూపేది అధ్యాపకుడే. వచ్చే ఏడాది ఆయన ఉంటాడో లేడో తెలియకపోతే వారు ఎవరిని అడగాలి?

యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు జీతగానికీ మంచి కాపరికీ ఉన్న తేడా చూపించాడు. మన అతిథి అధ్యాపకుల్లో ఎందరో జీతగానికన్నా తక్కువ కూలికి కాపరి పని చేస్తున్నారు. బీదవాని కూలి ఆ పొద్దు గుంకకముందే చెల్లించాలన్నది ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞ. నెలల తరబడి బకాయి పెట్టేవారు దానికి ఏమి జవాబు చెబుతారు?

ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మన ఇల్లు చూసుకుందాం. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పాఠశాల తెరిచి, 1865లో మరణించేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. అలాంటివారు వేసిన పునాదులపై నిలిచిన మిషన్ కళాశాలల్లో నేడు ఎందరు గంటల లెక్కన పనిచేస్తున్నారు? వారికి ఏ తేదీన జీతం అందుతోంది? వేసవిలో ఏమిస్తున్నాం? ఈ మూడు ప్రశ్నలూ ప్రతి పాలకమండలి తన తదుపరి సమావేశంలో చర్చించాలని, జవాబులను సంఘం ముందు ఉంచాలని కోరుతున్నాం. ఆ తర్వాతే ప్రభుత్వాన్ని అడిగే మన మాటకు బలం వస్తుంది.