చైతన్యపురి బండ మీది శాసనం, పరిశోధనల పటం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నడుమ మెట్రో మార్గంలో వచ్చే చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, ఫణిగిరి గుట్ట మీద ఉన్న నరసింహస్వామి ఆలయం దగ్గర ఒక బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం ఉంది. హైదరాబాదు నగరంలో దొరికిన శాసనాల్లో ఇదే అతి ప్రాచీనమైనదని చరిత్రకారులు చెబుతారు. విష్ణుకుండి రాజు గోవిందవర్మ పేరుతో వెలసిన గోవిందరాజ విహారాన్నీ, అక్కడి పిండపాతికులనూ, అంటే భిక్షాన్నం మీదనే జీవించే వ్రతం పట్టిన బౌద్ధ భిక్షువులనూ, అది పేర్కొంటుంది. రాష్ట్ర పురావస్తు శాఖలో పనిచేసిన శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీనిని పరిష్కరించి 1980వ దశకంలో శాసన పరిశోధకుల పత్రికలో ప్రకటించారు.

శాసనం కంటపడినంత మాత్రాన చరిత్ర కాదు; ఒకరు దాని నకలు తీయాలి, ఒకరు చదవాలి, ఒక పత్రిక అచ్చువేయాలి, తరవాతి పండితులు ఆ పాఠాన్ని ఉదహరించాలి, సరిదిద్దాలి. ఈ గొలుసును లెక్కలతో పరిశీలించే విద్యను గ్రంథమితి అంటారు. గ్రంథాలయ విజ్ఞానంలో లెక్కలకు చోటివ్వాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1948లోనే ప్రతిపాదించగా, 1964లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ఏ వ్యాసం ఏ వ్యాసాన్ని ఉదహరించిందో చూపే సూచికను వెలువరించడంతో ఆ పని పెద్ద ఎత్తున సాధ్యమైంది. ఇప్పుడు కంప్యూటరు అలాంటి సూచికల నుంచి పటాలు గీస్తుంది: ప్రతి రచయితా ఒక చుక్క, ఇద్దరు కలిసి వ్యాసం రాస్తే ఆ చుక్కల మధ్య ఒక గీత, ఎన్నిసార్లు కలిసి రాస్తే గీత అంత మందం.

పురావస్తు పరిశోధన ఒంటరి పాండిత్యం నుంచి బృందకృషి వైపు నడవడం తెలుగునాట స్పష్టంగానే కనిపిస్తుంది. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్ల గురించి 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసానికి మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ మొదలుకొని పదిమందికి పైగా రచయితలున్నారు. బూడిదను గుర్తించేవారు, మట్టి పొరల వయసు కట్టేవారు, పనిముట్లను వర్గీకరించేవారు వేరువేరు విద్యలవారు కాబట్టి అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తెలంగాణలో ప్రాచీన ఇనుము, ఉక్కు తయారీ చోట్లను 2010లో సర్వే చేసినప్పుడు కూడా ఎస్. జైకిషన్ వంటి స్థానిక పరిశోధకుడు, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి పనిచేశారు.

అయితే పటం సూచికలో ఉన్నదే చూపగలదు. చైతన్యపురి శాసనాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైన ఇంద్రపాలనగర తామ్రశాసనాలను నల్లగొండ జిల్లా చరిత్రను తవ్వితీసిన బి.ఎన్. శాస్త్రి 1965లో తెలుగువారి ముందుంచింది ‘భారతి’ మాసపత్రికలో. 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ నివేదికలు, 1916లో పుట్టిన హైదరాబాదు పురావస్తు సంఘం పత్రిక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పురావస్తు గ్రంథమాల, వీటన్నిటిలో పోగుపడిన పని నేటి అంతర్జాతీయ సూచికలకు దాదాపుగా అందదు. పునాది అచ్చైంది తెలుగులోనూ శాఖాపరమైన ప్రచురణల్లోనూ అయితే, లెక్కకు వచ్చేది ఆ పునాది మీద తరవాత లేచిన ఆంగ్ల వ్యాసమే. ఇది చిన్న లోపం కాదు. గ్రంథాలయాల కొనుగోళ్లకూ పరిశోధన నిధులకూ ఇలాంటి పటాలనే ప్రమాణంగా తీసుకుంటే, ఒక భాషలో జరిగిన అరవై, డెబ్భై ఏళ్ల కృషి జరగనట్టే లెక్క అవుతుంది.

పేర్ల చిక్కు మరొకటి. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, పొడి అక్షరాలుగా కుదించుకుపోతుంది. ‘శాస్త్రి’ అనే మాట రోమన్ లిపిలో ఒకచోట ‘ఐ’తో, మరొకచోట ‘వై’తో ముగుస్తుంది. పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రి ఒక వ్యాసంలో ‘శాస్త్రి, పి.వి.పి.’గా, ఇంకొకదానిలో ‘పరబ్రహ్మశాస్త్రి, పి.వి.’గా నమోదైతే కంప్యూటరు దృష్టిలో ఆయన ఇద్దరు మనుషులు. అంతేకాక సహకారమంటే సహరచన ఒక్కటే కాదు: శాసనం ఉన్న చోటు చూపిన ఊరివారు, తడి కాగితం పరిచి నకలు తీసిన సిబ్బంది ఏ గీతలోనూ కనిపించరు.

ఇంతకంటె నమ్మదగిన పటానికి ఒక మాదిరి ఇప్పటికే ఉంది. ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే, స్టెఫాన్ బామ్స్, ఇంగో స్ట్రౌఖ్ 2016 జనవరి, ఫిబ్రవరి నెలల్లో తెలుగు నేలమీద తిరిగి శాసనాలను మళ్లీ పరిశీలించారు. ఆ కృషిలో భాగంగా రూపొందిన ‘ఆంధ్రదేశపు తొలి శాసనాలు’ అనే సంకలనం ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోగలిగేలా ఉంది. అందులో శాసన పాఠంతో పాటు దానిని అంతకుముందు ఎవరు ఎక్కడ ప్రకటించారో కూడా నమోదు చేస్తారు. వ్యాసం చుట్టూ కాక శాసనం చుట్టూ అల్లిన సూచిక కావడంతో అందులో పాత పండితుడికీ కొత్త బృందానికీ ఒకే వరుసలో చోటు దొరుకుతుంది. ‘భారతి’ సంచికల్లోని చరిత్ర వ్యాసాలకూ పురావస్తు శాఖ ప్రచురణలకూ ఇదే పద్ధతిలో, రచయితల పూర్తి పేర్లతో సూచిక తయారైతే, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లో గ్రూప్స్ పరీక్షలకు విష్ణుకుండుల పాఠం చదివే విద్యార్థి, నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉన్న ఆ బండ నుంచి దానిని తొలిసారి చదివిన వ్యక్తి వ్యాసం వరకూ తానే దారి పట్టుకోగలుగుతాడు.