కేంద్రక గ్రాహకాలు - కొవ్వుల సమతుల్యత, వాపు నియంత్రణ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో వేరుశనగ ప్రధాన పంటలలో ఒకటి. పల్లినూనెలో అధికంగా ఉండే ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలు శరీరానికి ఇంధనాన్ని ఇస్తాయి; కణానికి సంకేతాలుగానూ పనిచేస్తాయి. ఇటువంటి సంకేతాలను గ్రహించే ప్రోటీన్లలో కేంద్రక గ్రాహకాలు ముఖ్యమైనవి. ‘న్యూక్లియర్ రిసెప్టర్’ను ‘అణు గ్రాహకం’ అని అనువదిస్తే అణుశక్తి స్ఫురిస్తుంది. ఇక్కడ ఉద్దేశించినది కణకేంద్రకం కనుక ‘కేంద్రక గ్రాహకం’ అనడమే సమంజసం. వీటి పనితీరును, వీటిపై ఆధారపడిన ఔషధ పరిశోధనలోని చిక్కును వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. గ్రాహకాల పనితీరు:

మానవులలో 48 కేంద్రక గ్రాహకాలున్నాయి. తగిన అణువు వచ్చి చేరగానే గ్రాహకం ఆకృతి మారుతుంది. అప్పుడది డి.ఎన్.ఎ.పై నిర్దిష్ట స్థానాల వద్ద జన్యువుల అనులేఖనాన్ని ప్రభావితం చేస్తుంది. పి.పి.ఎ.ఆర్. ఆల్ఫా కాలేయంలో కొవ్వు ఆమ్లాల వినియోగాన్ని, గామా కొవ్వు కణాలలో వాటి నిల్వను పెంచుతాయి. ఎల్.ఎక్స్.ఆర్. స్థూలభక్షక కణాలలో పేరుకున్న కొలెస్ట్రాల్‌ను వెలుపలికి పంపే జన్యువులను ప్రేరేపిస్తుంది. ఇవన్నీ వాపును పెంచే జన్యువులను అణచగలవు కూడా. రక్తనాళాల గోడలలో కొవ్వు చేరడం, వాపు ఒకదానినొకటి పెంచుకొంటాయి కనుక ఈ ద్వంద్వ పాత్ర ఔషధ పరిశోధకులను ఆకర్షించింది.

3. హైదరాబాదు పరిశోధన:

కె. అంజిరెడ్డి 1984లో హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ పరిశోధకులు ఆల్ఫా, గామా గ్రాహకాలు రెండింటినీ ప్రేరేపించే రాగాగ్లిటాజార్‌ను రూపొందించారు. ఒకే మందుతో రక్తంలోని చక్కెరను, కొవ్వులను అదుపు చేయాలన్నది ఆశయం. దాని అభివృద్ధి హక్కులను 1998లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ స్వీకరించింది. ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించడంతో 2002లో మానవులపై పరీక్షలను నిలిపివేసింది.

ఒకే గ్రాహకం అనేక కణజాలాలలో ఉంటుంది. ఒక్కొక్కచోట ఒక్కొక్క జన్యు సముదాయాన్ని కదిలిస్తుంది. ఎల్.ఎక్స్.ఆర్.నే తీసుకొంటే, స్థూలభక్షక కణాలలో మేలు చేసే ప్రేరణే కాలేయంలో కొవ్వు తయారీని పెంచుతుంది. అయినా ఈ మార్గం మూసుకుపోలేదు. ఆల్ఫా, గామాలపై పనిచేసే మరొక అణువు, అహ్మదాబాదుకు చెందిన జైడస్ రూపొందించిన సారోగ్లిటాజార్, 2013లో మన దేశంలో అనుమతి పొందింది.

4. ముగింపు:

- కేంద్రక గ్రాహకాలు కొవ్వుల వినియోగాన్ని, వాపును జన్యుస్థాయిలో అనుసంధానిస్తాయి.
- ఒక కణజాలంలో కలిగే మేలును బట్టి మందు క్షేమకరమని నిర్ణయించలేము.
- పల్లినూనెలోని ఆమ్లాలు ఈ గ్రాహకాలను చేరగలవన్నంత మాత్రాన ఆ నూనె ఔషధం కాజాలదు. ఆహారం గురించి తెలుగులో విజ్ఞాన రచన చేసేవారు ఈ భేదాన్ని పాటించాలి.