సమాన పరిమితి – అసమాన నిరీక్షణ: అమెరికాలో భారతీయుల శాశ్వత నివాసం, పౌరసత్వం

వ్యాససంగ్రహం:

వృత్తి నైపుణ్యం ఆధారంగా అమెరికాకు వలస వెళ్ళిన భారతీయులు శాశ్వత నివాస హక్కును, ఆపై పౌరసత్వాన్ని పొందే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 1946కు పూర్వం జాతి ప్రాతిపదికన భారతీయులకు పౌరసత్వం నిరాకరించేవారు. నేడు ఆ నిషేధం లేదు. అన్ని దేశాలకూ ఒకే పరిమితి వర్తిస్తుంది. అయితే ఆ సమాన పరిమితే భారతదేశంలో పుట్టినవారికి సుదీర్ఘ నిరీక్షణగా పరిణమించింది. నిరీక్షణ ఎంత దీర్ఘమైతే, మధ్యలో వచ్చే విధాన మార్పుల భారం వలసదారుపై అంత ఎక్కువగా పడుతుందని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వలస, శాశ్వత నివాసం, పౌరసత్వం, గ్రీన్‌కార్డు, ప్రాధాన్య తేదీ, హెచ్-1బి.

1. ఉపోద్ఘాతం:

భీమవరంలో జన్మించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్ళలో ఉన్నత విద్య కోసం అమెరికా చేరారు. హార్వర్డ్‌లోనూ, తరువాత లెడర్లీ ప్రయోగశాలలోనూ విశేషమైన పరిశోధనలు చేశారు. అయినా 1948లో మరణించే నాటికి ఆయన అమెరికా పౌరుడు కాలేదు. ఆయన అక్కడ గడిపిన కాలంలో అధిక భాగం భారతీయులకు పౌరసత్వ ద్వారం మూసి ఉండటం ఇక్కడ గమనించదగినది. 1790 నాటి చట్టం పౌరసత్వాన్ని శ్వేతజాతీయులకే పరిమితం చేసింది. భారతీయులు ఆ నిర్వచనంలోకి రారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946 నాటి లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించి, ఏడాదికి 100 మంది వలసకు అవకాశమిచ్చింది.

2. నేటి వ్యవస్థకు పునాది:

జాతీయ మూలాలను బట్టి వాటాలు నిర్ణయించే పద్ధతిని 1965 చట్టం రద్దు చేసింది. దానితో భారతీయ వైద్యులు, ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు ఎక్కువగా వెళ్ళసాగారు. 1990 చట్టం ఉపాధి ఆధారిత శాశ్వత నివాస వీసాలను ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది. ఏ ఒక్క దేశానికీ స్థూలంగా 7 శాతానికి మించకూడదన్నది అందులోని నియమం. తాత్కాలిక ఉద్యోగుల కోసం హెచ్-1బి వీసా కూడా ఈ చట్టంతోనే రూపుదిద్దుకున్నది. హైదరాబాదు నుండి, కోస్తా పట్టణాల నుండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ప్రధానంగా ఈ వీసాపై, లేదా అక్కడ చదువు ముగించి ఈ వీసాలోకి మారి, శాశ్వత నివాసానికి ప్రయత్నిస్తారు.

3. శాశ్వత నివాసం – మూడు దశలు:

మొదటి దశలో, ఆ ఉద్యోగానికి అర్హుడైన స్థానికుడు లభించలేదని యజమాని కార్మిక శాఖకు నిరూపించాలి. ఆ దరఖాస్తు దాఖలైన రోజే అభ్యర్థి ప్రాధాన్య తేదీ అవుతుంది. రెండవ దశలో యజమాని వలస సేవల విభాగానికి ఐ-140 పత్రం సమర్పిస్తారు. మూడవ దశలో అభ్యర్థి స్వయంగా ఐ-485 దరఖాస్తు చేసుకోవాలి. అయితే విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లోని తేదీ అతని ప్రాధాన్య తేదీని దాటిన తరువాతే ఈ దశ పూర్తవుతుంది. భారతీయుల విషయంలో రెండవ, మూడవ దశల మధ్యనే ఏళ్ళు గడచిపోతాయి.

4. నిరీక్షణకు కారణం:

ఉన్నత విద్యార్హతలు గలవారి ఈబీ-2 వర్గానికి ఏడాదికి సుమారు 40,000 వీసాలు ఉంటాయి. అందులో 7 శాతం అంటే దాదాపు 2,800. ఈ సంఖ్యలోనే భార్య లేదా భర్త, పిల్లలు కూడా లెక్కకు వస్తారు. ఇతర దేశాలవారు వాడుకోని వీసాలు మిగిలితే అవి పాత తేదీలవారికి చేరుతాయి. అందువల్ల కొన్ని సంవత్సరాలలో భారతీయులకు ఎక్కువ లభిస్తాయి. అయినా 2025 చివరి నెలలలో భారత్‌కు సంబంధించిన ఈబీ-2 తేదీ 2013 దగ్గరే ఉన్నది. డిమాండు పెరిగినప్పుడు ఈ తేదీ ముందుకు కదలకపోగా, వెనక్కి కూడా పోతుంది.

ఇక్కడ పరిగణనలోకి తీసుకునేది పౌరసత్వాన్ని కాదు, జన్మస్థలాన్ని. భారత్‌లో పుట్టి కెనడా పౌరసత్వం పొందిన వ్యక్తి కూడా భారతీయుల వరుసలోనే నిలబడాలి. జీవిత భాగస్వామి వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆ దేశపు వరుసను ఉపయోగించుకోవచ్చు. ఒకే అర్హత, ఒకే జీతం, ఒకే కార్యాలయం ఉన్న ఇద్దరిలో ఒకరికి కొన్నేళ్ళలోనే వచ్చేది, మరొకరికి పుష్కర కాలం గడచినా రాకపోవడానికి కారణం ఇదే.

5. వరుసలో ఉండగా మారే విధానాలు:

1990 నాటి సంఖ్యా పరిమితులు మౌలికంగా మారలేదు. దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లును 2019లో ప్రతినిధుల సభ, 2020లో వేరొక రూపంలో సెనేట్ ఆమోదించినా, అది చట్టం కాలేదు. మారినవి వరుసలో ఉన్నవారి జీవన పరిస్థితులను నిర్ణయించే నిబంధనలే. ఐ-140 ఆమోదం పొందినవారు ఆరేళ్ళ గడువు దాటినా హెచ్-1బి పొడిగించుకునే వీలును 2000 చట్టం కల్పించింది. వారి జీవిత భాగస్వాములకు పని అనుమతి 2015 నిబంధనతో వచ్చింది. ఉద్యోగం పోయినవారికి 60 రోజుల వరకు వెసులుబాటు 2017లో లభించింది.

అన్నింటికంటే క్లిష్టమైనది పిల్లల సమస్య. తల్లిదండ్రులతో వెళ్ళిన పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఆశ్రిత హోదా పోతుంది. వయస్సు లెక్కింపులో కొంత మినహాయింపును 2002 చట్టం ఇచ్చింది. ఏ తేదీ ఆధారంగా లెక్కించాలన్నది మాత్రం అధికారుల విధానమే. 2023లో ఆ విధానాన్ని పిల్లలకు అనుకూలంగా సడలించారు. 2025 ఆగస్టు 15 నుండి తిరిగి కఠినతరం చేశారు. ఒకే ఇంట్లో అక్కడ పుట్టిన చెల్లెలు జన్మతః పౌరురాలు కాగా, ఇక్కడ పుట్టి పసితనంలోనే వెళ్ళిన అన్న విద్యార్థి వీసా వెతుక్కోవలసి వస్తుంది. తాత్కాలిక వీసాలపై ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు జన్మసిద్ధ పౌరసత్వాన్ని నిరాకరించే అధ్యక్ష ఉత్తర్వు 2025 జనవరిలో వెలువడగా, న్యాయస్థానాలు దాని అమలును అడ్డుకున్నాయి.

6. పౌరసత్వం:

గ్రీన్‌కార్డు వచ్చాక సాధారణంగా ఐదేళ్ళు, అమెరికా పౌరుల జీవిత భాగస్వాములైతే మూడేళ్ళు గడిస్తే పౌరసత్వానికి అర్హత వస్తుంది. ఐదేళ్ళలో కనీసం 30 నెలలు అక్కడే నివసించి ఉండాలి. ఆంగ్ల పరిజ్ఞానం, సత్ప్రవర్తన, పౌరశాస్త్ర పరీక్ష తప్పనిసరి. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారిని 20 ప్రశ్నల వరకు అడుగుతారు. 12 సరైన సమాధానాలు చెప్పాలి. అంతకు ముందు పదింటికి ఆరు చాలు.

విదేశీ పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించిన వ్యక్తి 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం కోల్పోతాడు. ఓసీఐ కార్డు జీవితకాల వీసా వంటి సౌకర్యమే తప్ప ద్వంద్వ పౌరసత్వం కాదు. దానితో ఓటు హక్కు రాదు, వ్యవసాయ భూమి కొనే వీలూ ఉండదు.

7. ముగింపు:

సుబ్బారావు కాలంలో చట్టం భారతీయునికి స్పష్టంగా ‘కాదు’ అన్నది. నేటి చట్టం ‘అవును’ అంటూనే, ఎప్పుడన్నది చెప్పదు. పరిమితి అందరికీ సమానమైనప్పటికీ, కాలం సమానంగా పంపిణీ కావడం లేదు. త్వరగా గమ్యం చేరేవారికి విధాన మార్పు ఒక వార్త మాత్రమే. పన్నెండేళ్ళు నిలబడినవారికి అది పిల్లల చదువును, భాగస్వామి ఉద్యోగాన్ని, సొంత ఇంటి ఆలోచనను మార్చివేసే జీవిత ఘట్టం. కాబట్టి తెలుగు వలస జీవితాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు వెళ్ళినవారి సంఖ్యతో పాటు, వారు వరుసలో గడిపిన సంవత్సరాలను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.