వంచిన రాడ్డును మళ్ళీ తిన్నగా చేస్తే లోపల ఏం జరుగుతుంది?

ఇల్లు కట్టే చోట చూసే ఉంటారు. పిల్లర్ నుంచి పైకొచ్చిన రాడ్లు అడ్డమొస్తున్నాయని పక్కకి వంచేస్తారు. తర్వాత పైపు తొడిగి మళ్ళీ తిన్నగా లాగుతారు. చూడ్డానికి మునుపటిలాగే ఉంటుంది. కానీ లోపల అది మునుపటి రాడ్డు కాదు. ఎందుకో చూద్దాం.

స్టీలులో ఇనుము పరమాణువులు వరసలుగా పేర్చినట్టు ఉంటాయి. రాడ్డు వంగి అలాగే ఉండిపోవాలంటే ఒక పొర మీద ఇంకో పొర జారాలి. పొర మొత్తం ఒకేసారి జారడానికి ఎంత బలం కావాలో 1926లో సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్ లెక్కగట్టాడు. కానీ మెత్తటి లోహ స్ఫటికాలు అందులో వెయ్యో వంతు కంటే తక్కువ బలానికే లొంగిపోతాయి! ఎలా?

1934లో టేలర్, ఒరొవన్, పొలాన్యి వేర్వేరు పేపర్లలో జవాబిచ్చారు: పొర మొత్తం ఒకేసారి కదలదు.

సినిమా హాల్లో ఒక వరసలో ఇరవై మంది ఉన్నారు, చివర ఒక్క సీటు ఖాళీ అనుకోండి. అందర్నీ ఒకేసారి జరపక్కర్లేదు. ఖాళీ పక్కనున్నాయన జరిగితే, ఆయన సీట్లోకి ఇంకొకరు, అలా ఒక్కొక్కరే జరుగుతారు. చివరికి వరస మొత్తం ఒక సీటు జరిగిపోతుంది. స్టీలులో దాదాపు ఇలాంటి పని చేసేదే డిస్‌లొకేషన్. అది ఖాళీ సీటు కాదు. మధ్యలో ఆగిపోయిన ఒక అదనపు పొర అంచు. అక్కడ బంధాలు వరస వరసగా తెగి, పక్కవాటితో మళ్ళీ కలుస్తుంటే ఆ గీత ముందుకు పాకుతుంది. ఒక్కో అడుగు మీటరులో సుమారు 400 కోట్లవ వంతు. 1956లో కేంబ్రిడ్జ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద, అల్యూమినియం రేకులో ఇవి కదలడం కళ్ళారా చూశారు.

మరి స్టీలు గట్టిగా ఎందుకుంటుంది? ఈ గీతలకి అడ్డాలు ఎక్కువ కాబట్టి. కార్బన్ పరమాణువులు వాటిని పట్టి ఆపుతాయి, స్ఫటికాల సరిహద్దులు అడ్డుపడతాయి. రాడ్డు మీద ఉండే 500 అంకె చెప్పేది ఇదే: చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్ల దాకా లాగినా అది శాశ్వతంగా సాగడం దాదాపు ఉండదు.

ఇప్పుడు అసలు పాయింట్. రాడ్డు వంచితే పాత డిస్‌లొకేషన్లు కదలడమే కాదు, కొత్తవి కుప్పలుగా పుడతాయి. ఒకదానికొకటి చిక్కుపడి దారులు మూసుకుపోతాయి. తిన్నగా లాగితే ఆకారం వెనక్కొస్తుంది గానీ చిక్కులు విడిపోవు. జెమ్ క్లిప్‌ని అటూ ఇటూ వంచి చూడండి. ముందు బిగుసుకుంటుంది, తర్వాత పుటుక్కున తెగుతుంది.

భూకంపం వస్తే రాడ్డు తెగకుండా సాగాలి, అదే బిల్డింగుని నిలబెడుతుంది. వంచి తీసిన చోట ఆ సాగే గుణం కొంత ముందే ఖర్చయిపోయింది. అలాగని ఎర్రగా కాల్చి తిన్నగా చేస్తే చిక్కులు తగ్గుతాయేమో గానీ, టీఎంటీ రాడ్డుకి బలమిచ్చే పై పొర గట్టిదనం పోతుంది.

అందుకే మీ ఇంటి పని జరుగుతుంటే, వంగిన పిల్లర్ రాడ్డును ఇంజినీరుకి చూపించకుండా తిన్నగా చేయనివ్వకండి. మేస్త్రి "ఏం కాదు సార్" అంటే, లోపల ఏమైందో ఇప్పుడు మీరే చెప్పగలరు.