ముప్పై వేల నిశ్శబ్దం... మీ ఇంటికి అవసరమేనా?

"అమా, మీటింగుంది, మిక్సీ ఆపుమా!"

ఈ కేక మీ ఇంట్లో కూడా వినపడుతోందా? 2020లో కరోనా వచ్చి, బెంగుళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సొంత ఊళ్ళకు చేరినప్పటి నుంచీ మన వంటిళ్ళకు ఈ కొత్త నిబంధన వచ్చిపడింది. కొందరు తిరిగి వెళ్ళారు, కొందరు నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని చేస్తున్నారు. దుత్తలూరైనా, ఉదయగిరైనా, ఆత్మకూరైనా ఇదే వరస. పచ్చడి రుబ్బాలన్నా, కుక్కరు పెట్టాలన్నా ముందు పక్క గదిలోకి తొంగిచూసి అనుమతి తీసుకోవాలి! చివరికి ఒకరోజు అబ్బాయే పరిష్కారం చెబుతాడు. "నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనుక్కుంటానుమా. ముప్పై వేలు."

ముప్పై వేలా? ఆ డబ్బుతో ఫ్రిజ్ వస్తుంది కదా అని మీకు అనిపించడంలో తప్పేమీ లేదు. అయితే వద్దనే ముందు, సరే అనే ముందు కూడా, ఆ వస్తువు ఏం చేస్తుందో, ఏం చేయలేదో మీరూ తెలుసుకుంటే మంచిది. కొనే డబ్బు ఇంటిదే గదా!

చెరువులో అలల సంగతి

చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి. కొంచెం ఎడంగా ఇంకో రాయి వేస్తే ఇంకొన్ని అలలు. ఒక అల పైకి లేచే చోట రెండోది సరిగ్గా కిందికి దిగిందనుకోండి, ఆ చోట నీళ్ళు కదలకుండా నిలిచిపోతాయి. శబ్దం కూడా గాలిలో అలే. ఈ హెడ్‌ఫోన్స్‌కు బయటా లోపలా చిన్న చిన్న మైకులుంటాయి. అవి చుట్టూ ఉన్న రొదను విని, దానికి సరిగ్గా ఎదురు అలను తయారుచేసి చెవి దగ్గర వదులుతాయి. రొద, ఎదురురొద కలిసి చాలా వరకు మాయం. ఈ సూత్రానికి పాల్ లూగ్ అనే జర్మన్ 1930లలోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ దాన్ని చెవులకు తగిలించుకునే వస్తువుగా ప్రపంచానికి అలవాటు చేసిన మనిషి కథ మాత్రం మనకు కొంచెం దగ్గరిది.

ఆయన పేరు అమర్ బోస్. తండ్రి నోనీ గోపాల్ బోస్ బెంగాలీ. స్వాతంత్ర్య పోరాటంలో దిగి, తెల్లవాళ్ళు వెంటపడితే తప్పించుకుని అమెరికా చేరుకున్నాడు. 1929లో ఫిలడెల్ఫియాలో అమర్ పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంటి ఆదాయం తగ్గిపోతే, పదమూడేళ్ళ ఆ కుర్రాడు స్నేహితులను పోగేసి రేడియోలూ, బొమ్మ రైళ్ళూ రిపేరు చేసి ఇంటికి ఆసరా అయ్యాడట. పెద్దయ్యాక ఎంఐటీలో ప్రొఫెసరుగా పనిచేస్తూనే 1964లో తన పేరుతో కంపెనీ పెట్టాడు. 1978లో జూరిచ్ నుంచి బోస్టన్‌కు విమానంలో వస్తూ, వాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజను హోరులో పాట సరిగా వినపడలేదు. ఆ ప్రయాణంలోనే కాగితం తీసి లెక్కలు వేశాడు. అది పైలట్లు వాడే వస్తువుగా బయటికి రావడానికి 1989 వరకు పట్టింది, మనలాంటివాళ్ళు కొనుక్కునే క్వైట్‌కంఫర్ట్ 2000లో వచ్చింది. ఒక్క చికాకు వెనకాల ఇరవై రెండేళ్ళ ఓపిక చూడండి! 2011లో కంపెనీ వాటాల్లో ఎక్కువ భాగం తాను పాఠాలు చెప్పిన ఎంఐటీకే రాసిచ్చి, 2013లో కన్నుమూశాడు.

ఏ మోత ఆగుతుంది, ఏది ఆగదు?

ఇదే అసలు విషయం. ఈ హెడ్‌ఫోన్స్ బాగా ఆపగలిగేది ఒకే తీరుగా, లోగొంతుతో సాగే మోతను. సీలింగ్ ఫ్యాన్, ఎండాకాలం రోజంతా తిరిగే కూలరు, పొలంలో బోరు మోటారు, ఉదయగిరి డిపో బస్సులో ఇంజను రొద - ఇవన్నీ స్విచ్ వేయగానే ఎవరో తలుపు మూసినట్టు తగ్గిపోతాయి. మొదటిసారి పెట్టుకున్నవాళ్ళు "అమ్మో, ఇంత మోతలో బతుకుతున్నామా!" అనుకోవడం ఖాయం.

కుక్కరు విజిల్ మాత్రం ఆగదు. చంటిబిడ్డ ఏడుపు, తలుపు దబదబా కొట్టడం, రోట్లో దంచే దెబ్బ, పోపులో ఆవాల చిటపట - హఠాత్తుగా వచ్చేవీ, కీచుగా ఉండేవీ ఆ లెక్కలకు అంత తేలిగ్గా దొరకవు. చెవిని మూసి ఉంచే మెత్త వల్ల కొంత తగ్గుతాయి, అంతే. మిక్సీ అయితే రెండు రకాల మోత కలిపి చేస్తుంది గనుక సగం తగ్గి సగం మిగులుతుంది. మనుషుల మాటలు కూడా సన్నగా వినపడుతూనే ఉంటాయి. కాబట్టి పక్కగదిలో మీరు అత్తగారి మీద ఆడపడుచుకు ఫోనులో చెప్పేవి అబ్బాయి వినడనే భరోసా మాత్రం పెట్టుకోకండి!

ఇక మీటింగుల తగవుకు వద్దాం. మిక్సీ మోత అబ్బాయికి వినపడటం ఒక సమస్య, అవతల ఉన్న మేనేజరుకు వినపడటం వేరే సమస్య. పైన చెప్పిందంతా మొదటిదానికే. రెండోది ఆపేది మాట్లాడే మైకులో ఉండే ఇంకో ఏర్పాటు. అట్టల పెట్టె మీద రెండూ 'నాయిస్ క్యాన్సిలేషన్' అనే ఉంటాయి. ఏఎన్‌సీ అని ఉంటే వినేవాడి చెవికి, ఈఎన్‌సీ అని ఉంటే అవతలివాళ్ళకు అని గుర్తుపెట్టుకోండి. ఇంట్లో గొడవంతా "మేనేజరుకు మిక్సీ వినపడుతోంది" అనే దగ్గరే అయితే ముప్పై వేలు అక్కర్లేదు. కాల్ సెంటర్లలో వాడే, నోటి ముందుకు వచ్చే చిన్న కొమ్మ మైకు ఉన్న హెడ్‌సెట్ కొన్ని వేలలోనే దొరుకుతుంది. మైకు నోటికి ఎంత దగ్గరుంటే మాట అంత స్పష్టం. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలా ఇళ్ళల్లో బేరం అక్కడే తెగిపోతుందని నా నమ్మకం.

కొనాల్సిందే అనుకుంటే...

లేదు, రోజుకు ఎనిమిది గంటలు ఆ రొదలో కూర్చుని తలనొప్పి తెచ్చుకుంటున్నాడు, లేదా అమ్మాయి పోటీ పరీక్షలకు చదువుతోంది, ఎదురుగా రోడ్డు మీద లారీల మోత అంటారా? అప్పుడు మంచిది చూసి కొనడంలో అర్థం ఉంది. పెద్ద కంపెనీలు నాలుగు.

సోనీ వాళ్ళ 1000ఎక్స్ఎం వరుసలో నాలుగోది 2020లో, అయిదోది 2022లో, ఆరోది 2025లో వచ్చాయి. మూడూ పావుకిలో తూకం, మోత ఆపుతూనే ముప్పై గంటలు పనిచేస్తాయి. కరెంటు కోతల ఊళ్ళల్లో ఇది చిన్న సంగతి కాదు. నాలుగోది ముడుచుకుని చిన్న సంచిలో పడుతుంది. అయిదోదాన్ని ఎందుకో ముడవకుండా చేశారు, జనం సణిగితే ఆరోదాన్ని మళ్ళీ ముడుచుకునేలా చేశారు. నాలుగోది మన దేశంలో విడుదలైనప్పుడు 29,990 రూపాయలు. పాత మోడలే కదా అని తీసిపారేయకండి. కంపెనీ బిల్లుతో, తగ్గింపు ధరలో దొరికితే నా ఓటు దానికే.

బోస్ వాళ్ళ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా 2023లో వచ్చింది. ఫ్యాను, బస్సు రొద ఆపడంలో దీనిది ముందు వరుస. తలకు మెత్తగా, నొక్కుడు తక్కువగా ఉంటుంది. బ్యాటరీ 24 గంటలు. నొక్కే బటన్లు ఉండటం పెద్దవాళ్ళకు సుఖం. సోనీలో చెవి మీద వేలితో రాస్తే పాట మారుతుంది, తడి చేతులతో అది మాట వినదు.

ఆపిల్ వాళ్ళ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 2020 డిసెంబరులో 59,900 రూపాయలకు దిగింది. అల్యూమినియం ఒళ్ళు, అందం చెప్పనక్కర్లేదు. కానీ తూకం 385 గ్రాములు! పావుకిలో బెండకాయలకు బదులు దాదాపు నాలుగు వందల గ్రాములు నెత్తిన పెట్టుకుని రోజంతా కూర్చోవడం ఆలోచించండి. బ్యాటరీ 20 గంటలే. పైగా ఇంట్లో ఐఫోన్ లేకపోతే దాని సదుపాయాల్లో చాలావి పనికిరావు. జర్మనీ పేరైన సెన్‌హైజర్ మొమెంటమ్ 4, 2022 నాటిది. మోత ఆపడంలో పై రెండింటికన్నా ఒక మెట్టు కింద, పాట మాధుర్యంలో ఏమీ తక్కువ కాదు. ఒక్కసారి ఛార్జి చేస్తే అరవై గంటలు.

బోట్ లాంటి మన కంపెనీలవి అయిదు వేల లోపే వస్తాయి, వాటిలోనూ ఏఎన్‌సీ ఉంటుంది. ఫ్యాను రొద వరకు పరవాలేదు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే నాలుగు గంటలు పెట్టుకున్నాక చెవి నొప్పి దగ్గర, ఫోనులో మాట స్పష్టత దగ్గర. అప్పుడప్పుడు బస్సు ప్రయాణానికైతే అవే చాలు.

కమ్మలు, జడలు, కొబ్బరినూనె

ఈ వస్తువుల గురించి రాసేవాళ్ళంతా మగవాళ్ళే కాబోలు, ఆడవాళ్ళ ఇబ్బందులు ఎక్కడా కనపడవు. జూకాలు, బుట్టకమ్మలు పెట్టుకుని దీన్ని తగిలిస్తే అరగంటకే చెవి తమ్మె నొప్పెడుతుంది. మాటీలుంటే చెప్పనే అక్కర్లేదు. మెత్తకూ చెంపకూ మధ్య సందు ఏర్పడి బయటి మోత కూడా లోపలికి వస్తుంది. అంటే పెట్టిన డబ్బు ఆ సందులోంచి పోయినట్టే! చిన్న దిద్దులైతే పరవాలేదు. లావు కళ్ళజోడు కాడలతో కూడా ఇదే తంటా. కొప్పు వేసుకునేవాళ్ళు దుకాణంలోనే కొప్పుతో పెట్టి చూసుకోండి.

తలకు నూనె రాసుకుని పెట్టుకుంటే చెవి మెత్తల పైతోలు త్వరగా పొరలు పొరలుగా లేస్తుంది. మన మెట్ట ప్రాంతపు ఎండలకు చెమట తోడైతే ఇంకా త్వరగా. వాడిన తర్వాత పొడి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి, నీళ్ళతో కడగవద్దు. మెత్తలు విడిగా అమ్ముతారా, ఎంతకు అమ్ముతారు అని కొనేటప్పుడే అడగండి.

చెవి భద్రం

మంచి హెడ్‌ఫోన్స్ వల్ల నిజంగా ఒక లాభం ఉంది. చుట్టూ మోత తగ్గితే పాట సౌండు పెంచాల్సిన పని ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90కి పెంచితే వారమంతా కలిపి నాలుగు గంటలే! పిల్లలకు ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్. ఫోనులో సౌండు గీత నూటికి అరవై దాటకుండా చూడమని అదే సంస్థ చెబుతుంది. పిల్లాడు పాట వింటున్నప్పుడు పక్కన కూర్చున్న మీకు పదాలు వినపడుతున్నాయంటే గీత ఎక్కడుందో చూడాల్సిందే.

కొందరికి ఈ హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చెవులు దిబ్బడ వేసినట్టు, ఘాట్ రోడ్డెక్కినట్టు ఉంటుంది. అలవాటైతే సరే, కాకపోతే బలవంతంగా వాడవద్దు.

వీటిని పెట్టుకుని స్టవ్ దగ్గర పని చేయకండి. పాలు పొంగే చప్పుడు, గ్యాసు లీకయ్యే సన్నటి శబ్దం, వెనక నడిచే పసిపిల్ల అందెల సవ్వడి - వంటింట్లో మన చెవులే కాపలా. రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా అంతే. బయటి శబ్దాన్ని లోపలికి పంపే ఏర్పాటు అన్ని ఖరీదైన వాటిలోనూ ఉంటుంది, అది ఎలా వేయాలో అబ్బాయిని అడిగి మీరూ నేర్చుకోండి.

"మా అత్తగారికి సరిగా వినపడదు, ఇది పెడితే బాగుంటుందా?" అని అడిగేవాళ్ళున్నారు. ఉండదు. మోత తగ్గించడం వేరు, వినికిడి పెంచడం వేరు. ఆపిల్ వాళ్ళ చెవిలో దూర్చుకునే చిన్న రకానికి వినికిడి యంత్రంలా పనిచేసే ఏర్పాటును 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించిన మాట నిజమే. అదీ కొద్దిపాటి నుంచి మధ్యస్థం లోపానికి, పెద్దవాళ్ళకు మాత్రమే. ముందు చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి. చెవిలో గుబిలి గడ్డకట్టినా వినపడదు, అది తీయడానికి ముప్పై వేలు కావు.

ఇంకో మాట. నర్రవాడ వెంగమాంబ పేరంటాలు తిరునాళ్ళ సందడి వేరు, అది మనం కోరి వెళ్ళే సందడి. కానీ పరీక్షల రోజుల్లో అర్ధరాత్రి దాకా వీధిలో మైకు మోగితే దానికి విరుగుడు హెడ్‌ఫోన్స్ కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ప్రభుత్వం కొన్ని పండుగ రోజులకు, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా, అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతంలో రాత్రి మోత 45 డెసిబెల్స్ దాటకూడదు. నలుగురు ఆడవాళ్ళు కలిసి పోలీసు స్టేషన్‌లో చెబితే పైసా ఖర్చు లేని పని అది.

కొనేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు తప్పనిసరి. ఈ పేర్లతో నకిలీలు బోలెడు. ముప్పై వేలది మూడు వేలకిస్తామంటే అది ఏమిటో మీకు వేరే చెప్పాలా? కువైట్ నుంచో, అమెరికా నుంచో ఎవరైనా తెస్తామంటే ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. వీలైతే నెల్లూరు వెళ్ళినప్పుడు షోరూములో పావుగంట తలకు పెట్టుకుని చూడాలి. రెండు నిమిషాలకు అన్నీ బాగానే ఉంటాయి.

ఇల్లు చేరాక మీకూ ఒక వాటా ఉంది సుమా! రాత్రి పిల్లలు చదువుకునేటప్పుడు టీవీ సౌండు లేకుండా సీరియల్ చూసుకోవచ్చు. పాత టీవీలకు బ్లూటూత్ ఉండదు, ఉన్నా పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తుంది. సోనీ, బోస్ పెట్టెల్లో ఒక వైరు ఇస్తారు, దాన్ని టీవీకి ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చితే ఆ తేడా ఉండదు. వైరు పొట్టిది గనుక టీవీకి మరీ దగ్గరగా కూర్చోవాల్సి వస్తుంది, పొడుగుది వేరే కొనుక్కోండి. వందల్లోనే దొరుకుతుంది.